వీడ్కోలు పరీక్ష

అప్పలనరసమ్మ ఇంట్లో పిల్ల సుఖంగా ఉందన్న సంగతి చివరికి ఆఫీసువాళ్ళకి తెలిసిపోయింది.

ఇలాంటివి ఎంతకాలమని దాగుతాయి? జూట్ మిల్లు వెనక వీధిలో అందరికీ తెలుసు. పిల్ల పేరు నూకరత్నం, ఆరేళ్ళది. తల్లి పోయింది. తండ్రి ఉన్నాడో లేడో చెప్పగలిగిన వాళ్ళు లేరు. కిందటేడు ప్రభుత్వం వారు ఆ పిల్లని తీసుకొచ్చి అప్పలనరసమ్మకి అప్పజెప్పి, "ఇది దత్తత కాదు, తాత్కాలిక పెంపకం మాత్రమే. సొంత బిడ్డలా చూసుకోవాలి, సొంత బిడ్డ అనుకోకూడదు" అని చెప్పి వెళ్ళారు. అందులో రెండో ముక్క ఆవిడకి అప్పుడూ అర్థం కాలేదు, ఇప్పుడూ కాలేదు. మొదటి ముక్క మాత్రం కాస్త ఎక్కువగానే అర్థమైంది.

వచ్చిన కొత్తలో పిల్ల నోరు విప్పేది కాదు. గోడవైపు తిరిగి పడుకునేది. పెట్టింది తినేసి, తన కంచం తనే కడిగేసుకుని, ఇంకా ఏం చెయ్యమంటారు అన్నట్టు ఓ మూల నిలబడేది. అప్పలనరసమ్మ సాయంత్రాలు అరుగుమీద పునుగులు వేసి అమ్ముతుంది. పొయ్యి పక్కనే పీట వేసి పిల్లని కూర్చోబెట్టుకుని, పిల్ల మాటలూ తన మాటలూ కూడా తనే మాట్లాడేది. "ఏటే, ఉప్పు సరిపోనాదా? సరిపోనాదమ్మా. కారమో? కొంచెం తగ్గింది." ఇలా నెలలు గడిచాయి. ఓ సాయంత్రం, వీధంతా వింటుండగా, పిల్ల తనంతట తనే, "అమ్మా, పునుగులు మాడిపోతన్నాయి" అంది.

మాడిపోతే మాడిపోయాయి. ఆ వాయి మొత్తం బొగ్గయ్యేదాకా అప్పలనరసమ్మ పిల్ల మొహం చూస్తూ కూర్చుంది.

ఈ వ్యవహారం ఇలా సాగుతుండగా పరాంకుశం గారు శిక్షణకి వెళ్ళొచ్చారు.

పరాంకుశం గారు బాలల శ్రేయస్సు పర్యవేక్షణాధికారి. మంచి మనిషే. పై ఊరునుంచి బదిలీ మీద వచ్చి, బస్టాండు పక్క లాడ్జిలో ఒంటరిగా ఉంటూ, హోటల్లో చల్లారిన భోజనం తింటూ ఉద్యోగం చేసుకుంటున్నారు. ఇదివరకు ఎప్పుడో ఒకసారి వచ్చి, పిల్ల ఉందా, తింటోందా అని అడిగి, ఉంది, తింటోంది అనిపించుకుని స్కూటరెక్కి వెళ్ళిపోయేవారు. ఈసారి మాత్రం రాజధానిలో ఏసీ హాల్లో కూర్చోబెట్టి ఎవరో నిపుణుడు ఆయనకి కళ్ళు తెరిపించాడు. తిరిగొచ్చాక ఆయన ఆ నిపుణుడి మాటల్ని మన జిల్లాకి తగ్గట్టు నిబంధనలుగా రాసి, పైవాళ్ళ చేత ఔననిపించుకుని, మొట్టమొదటగా అప్పలనరసమ్మ గుమ్మంలోనే స్కూటరాపారు.

కొత్త హెల్మెట్ పెట్టుకున్న మనిషిని చూసి పిల్ల హడలిపోయి, పరిగెత్తుకెళ్ళి అప్పలనరసమ్మ కొంగు వెనక దాక్కుంది. పరాంకుశం గారి మొహం పాలిపోయింది.

"ఎన్నాళ్ళనుంచి ఉంది ఇది?" అన్నారు, డాక్టరు దగ్గు గురించి అడిగినట్టు.

"ఏది బావూ?"

"ఈ కొంగు పట్టుకోవడం."

"కొత్తోలొత్తే పట్టుకుంతాది. సిన్నగుంట కదా."

"అమ్మా, మీరు తేలిగ్గా తీసుకుంటున్నారు. దీన్ని అనుబంధం అంటారు." ఆయన కుర్చీ లాక్కుని కూర్చుని గొంతు సవరించుకున్నారు. "తాత్కాలిక పెంపకం అంటేనే తాత్కాలికం. సదరు బాలిక ఏదో ఒక దశలో ఇక్కడినుంచి వెళ్ళవలసి ఉంటుంది. వెళ్ళునప్పుడు బాధ కలుగును. సదరు బాధ అనుబంధాన్ని బట్టి పెరుగును. కావున బాలిక అత్యుత్తమ శ్రేయస్సు దృష్ట్యా, అనుబంధం ఏర్పడకుండా నివారించడం మన తక్షణ కర్తవ్యం."

ఆ తర్వాత రంగులు వివరించారు. ఆకుపచ్చ అంటే పరిచయం. పసుపు అంటే అలవాటు. ఎరుపు అంటే అనుబంధం. ఎరుపు తేలిందంటే ఆ పూటే పిల్లని వేరే ఇంటికి మార్చెయ్యాలి.

"ఎందుకు బావూ?"

"రేపెప్పుడో వెళ్ళేటప్పుడు బాధపడకుండా ఉండడానికి."

"ఇయ్యాల పంపీత్తే బాదపడదేటి?"

"అది ముందస్తు బాధ. టీకా వేస్తే నొప్పి పుట్టదా? అలాంటిది."

అప్పలనరసమ్మ కాసేపు ఆలోచించింది. "ఆ ఇంట్లోనూ అలవాటైపోతేనో?"

"అక్కడినుంచీ మారుస్తాం."

"ఆ తర్వాతింట్లో?"

"అక్కడినుంచీ మారుస్తాం. పద్దెనిమిదేళ్ళు నిండేదాకా బాలికకి ఎవరితోనూ ఏ అనుబంధమూ లేకుండా కాపాడతాం. ఆపైన పూర్తి స్వేచ్ఛ," అన్నారు పరాంకుశం గారు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన కళ్ళలో నిజంగానే దయ కనిపించింది. అప్పలనరసమ్మకి భయం వేసింది అందుకే.

నెలాఖరుకి జిల్లా బాలల శ్రేయస్సు సమితి ముందు హాజరు కావాలన్నారు. అక్కడ వీడ్కోలు పరీక్ష పెడతారు. పిల్లని గది మధ్యలో కూర్చోబెట్టి, పెంచినావిడ తలుపు దాటి బయటికి వెళ్ళాలి. పిల్ల ఏడవకపోతే పసుపు, ఇంటికి తీసుకుపోవచ్చు. ఏడిస్తే ఎరుపు, ఇక అటునుంచి అటే. ఈలోగా ఇంట్లో పాటించవలసినవి కూడా సెలవిచ్చారు. పిల్ల ఆవిణ్ణి అమ్మ అని పిలవరాదు, 'సంరక్షకురాలు గారు' అనాలి. ఆవిడ పిల్లని 'మా గుంట' అనరాదు, 'సదరు బాలిక' అనాలి. తల దువ్వవచ్చు, నిమరరాదు.

ఆ సాయంత్రం మొగుడు సన్యాసి మిల్లునుంచి వచ్చేసరికి పొయ్యి వెలగలేదు. అప్పలనరసమ్మ అరుగుమీద కూలబడి ఉంది. సంగతి విని సన్యాసి తల గోక్కున్నాడు.

"ఏడవకుండా ఉండడం నేర్పీద్దాం. బళ్ళో పాటాలు నేర్పట్లేదేటి?" అన్నాడు.

అలా మొదలైంది ఆఫీసాట. పిల్లకి ఆటనే చెప్పారు, ఇంకేమీ చెప్పలేదు. పిల్ల గది మధ్యలో పీటమీద కూర్చోవాలి. అప్పలనరసమ్మ గుమ్మం దాటి వెళ్ళి, పక్కింటి ప్రహరీ వెనక దాక్కుని, కాసేపాగి కొబ్బరుండ పట్టుకుని తిరిగి రావాలి. పిల్ల ఏడవకపోతే కొబ్బరుండ పిల్లది. మొదటిరోజు గుమ్మం దాటకుండానే పిల్ల గుక్కపట్టింది. రెండోరోజు గుమ్మం దాటాక గుక్కపట్టింది. సన్యాసికి సమితి అధ్యక్షుడి వేషం ఇచ్చారు గాని, పిల్ల పెదవి వణికితే చాలు అతనే ముందు కళ్ళు తుడుచుకోవడంతో అతన్ని ఆటలోంచి తీసేశారు. వీధివాళ్ళు కూడా సాయం పట్టారు. ఎప్పుడూ బుగ్గ గిల్లే పక్కింటి పార్వతమ్మ, పిల్ల ఎదురైతే మొహం పక్కకి తిప్పుకుని, "ఎవులే సదరు బాలికా నువ్వు?" అని వెళ్ళిపోయేది.

ఆడగా ఆడగా పిల్లకి ఆట వంటబట్టింది. నెల సగమయ్యేసరికి పీటమీద దర్జాగా కూర్చుని, చెయ్యూపి, "ఎల్లి రండి సంరచ్చకురాలు గారూ" అనేది. ప్రహరీ వెనక నిలబడ్డ అప్పలనరసమ్మకి లోపలినుంచి ఏడుపు వినిపించేది కాదు. అందుకు సంతోషించాలని ఆవిడకి తెలుసు. సంతోషిద్దామని గట్టిగానే ప్రయత్నించేది.

ఇటు పరాంకుశం గారు తన పని తాను చేస్తున్నారు. ఎరుపు అనుమానం ఉన్న ఇళ్ళకి దగ్గరి పర్యవేక్షణ అవసరమని ఆయనే రాసుకున్నారు కాబట్టి రోజూ సాయంత్రం వచ్చి అరుగుమీద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునేవారు. పర్యవేక్షకుడు తాను గమనిస్తున్నట్టు కనపడకూడదు. అందుకని మొహానికి పేపరు అడ్డం పెట్టుకునేవారు. మొదటిరోజు అప్పలనరసమ్మ మర్యాదకి ఓ ప్లేటు పునుగులు పెట్టింది. పుచ్చుకోవచ్చా అని ఆయన చాలాసేపు ఆలోచించి, బాలిక తినే ఆహారం నాణ్యత పరీక్షించడం కూడా విధుల్లో భాగమేనని తేల్చుకున్నారు. పరీక్షించారు. ఒక్క ప్లేటుతో నాణ్యత తేలదని ఇంకోటి కూడా పరీక్షించారు. వేడిగా తిండి తిని ఎన్నాళ్ళయిందో ఏమో, ఆ పూట ఆయన రుమాలుతో మూతి తుడుచుకుని, ఖాళీ ప్లేటు తనే తీసుకెళ్ళి పొయ్యి పక్కన పెట్టారు.

పేపరుకి అటువైపు ఎవరున్నారో చూడాలని ఏ పిల్లకైనా ఉంటుంది. నూకరత్నం పేపరు కిందనుంచి తల దూర్చింది.

"ఈ బొమ్మ ఎవులిది?"

"బాలిక పర్యవేక్షకుడితో మాట్లాడరాదు," అన్నారు ఆయన.

"ఇది గుర్రమా, గాడిదా?"

అది గుర్రమే. ఆమాట చెప్పకుండా ఉండడానికి ఆయన కొంతసేపు పోరాడారు. చెప్పాక, గుర్రం ఎందుకు నిలబడి నిద్రపోతుందో కూడా చెప్పవలసి వచ్చింది. మర్నాడు ఆయన బుడగ తెచ్చారు. బాలిక ప్రతిస్పందన గమనించడానికట. ఆ తర్వాత రంగు పెన్సిళ్ళు తెచ్చారు. బుడగ పేలిపోవడంవల్ల నిన్నటి ప్రతిస్పందన సరిగా అందలేదట. వారం తిరక్కుండానే పిల్లని స్కూటరు ముందు నిలబెట్టి వీధి చివరిదాకా తిప్పుకొచ్చి, "వేగం పట్ల బాలిక భయం" పరీక్షించానన్నారు. ఆ వీధిలో హారన్ మోగించింది బాలికే. భయం ఉన్నట్టు ఎవరికీ అనిపించలేదు.

సాయంత్రం అయ్యేసరికి పిల్ల గుమ్మంలో నిలబడేది. స్కూటరు చప్పుడు మలుపు తిరక్కముందే, "మావయ్యొచ్చీసాడు!" అని కేకపెట్టి, తనకని దాచుకున్న పునుగుల్లో ఒకటి పట్టుకెళ్ళి ఆయన చేతిలో పెట్టేది. అప్పలనరసమ్మ పొయ్యి దగ్గర కూర్చుని ఇదంతా చూసేది. ఒక రాత్రి ఉండబట్టలేక మొగుడితో అంది. "నన్నేమో గారూ అంతాది. ఆ బావునేమో మావయ్యా అంతాది. నిబందన ఆయనకి లేదేటి?"

"ఆయన నిబందన రాసినోడు కదే. రాసినోలికి ఉండదు," అన్నాడు సన్యాసి.

నెలాఖరు వచ్చింది. సమితి కూర్చునేది కలెక్టరాఫీసు వెనక పాత భవనంలో. గోడమీద 'బాలల అత్యుత్తమ శ్రేయస్సే మా ధ్యేయం' అని రాసి, ఆ కిందే పిల్లలు గోలచెయ్యరాదని రాశారు. అధ్యక్షురాలు కాత్యాయని గారు బల్లకి అటువైపు, ఓ సభ్యుడు ఆవిడ పక్కన. పరాంకుశం గారు హెల్మెట్ ఒళ్ళో పెట్టుకుని గోడవారన కూర్చున్నారు. కొత్త నిబంధనలకి ఇదే మొదటి పరీక్ష కావడంతో అందరూ ఉతికిన బట్టలు వేసుకొచ్చారు.

"బాలికను మధ్యలో ఉంచండి. సంరక్షకురాలు నిష్క్రమించవచ్చు," అన్నారు కాత్యాయని గారు.

అప్పలనరసమ్మ పిల్లని గది మధ్యలో కూర్చోబెట్టింది. పిల్ల ఏడిస్తే ఇవాళే పోతుంది. ఏ ఊరికి, ఏ ఇంటికి, ఎవరూ చెప్పరు. అక్కడ మళ్ళీ తన కంచం తనే కడుక్కుని ఏ మూలో నిలబడుతుంది. ఆవిడ పిల్లవైపు చూడకుండా తలుపుదాకా నడిచింది.

వెనకనుంచి ముద్దుగా, స్పష్టంగా వినిపించింది. "ఎల్లి రండి సంరచ్చకురాలు గారూ."

తలుపు మూసుకుంది. వరండాలో స్తంభానికి ఆనుకుని అప్పలనరసమ్మ చెవులు రిక్కించింది. లోపల నిశ్శబ్దం. పిల్ల ఏడవలేదు. దేవుడా, ఏడవలేదు. గండం గడిచిందని ఆవిడ దణ్ణం పెట్టుకుంది. పెట్టుకుంటూ ఉండగానే, ఒక్క చుక్కయినా కార్చలేదే అనుకుంది. తను నేర్పిందే. తనే కొబ్బరుండలు పెట్టి మరీ నేర్పింది. అయినా తట్టుకోవడం కష్టంగా ఉంది.

అంతలో లోపలినుంచి భవనం దద్దరిల్లేలా ఏడుపు.

నిబంధన గిబంధన చూడకుండా అప్పలనరసమ్మ తలుపు తోసుకుని లోపలికి పరిగెత్తింది. నూకరత్నం పరాంకుశం గారి కాలు రెండు చేతులతో చుట్టేసి, మొహమంతా తడుపుకుని, "ఎల్లిపోకు మావయ్యా! ఎల్లిపోకు!" అని అరుస్తోంది. ఆయన సగం పెట్టుకున్న హెల్మెట్‌తో, ఒంటికాలిమీద నిలబడి, ఊపిరాడనట్టు చూస్తున్నారు.

జరిగింది ఇంతే. పసుపు అని తేలగానే పరాంకుశం గారు తేలికపడి లేచి, "అయితే ఇక దగ్గరి పర్యవేక్షణ అక్కర్లేదండి. రేపటినుంచి నేను ఆ ఇంటికి వెళ్ళను," అని సమితికి విన్నవించి హెల్మెట్ అందుకున్నారు. పిల్ల ఆ మాట విన్నది.

కాత్యాయని గారు కళ్ళజోడు సర్దుకున్నారు. "పరాంకుశం గారూ, ఇది ఏ రంగు?"

ఆయన కిందికి చూశారు. పిల్ల ఎక్కిళ్ళు పెడుతూ ఆయన పంట్లానికి ముక్కు తుడుచుకుంటోంది. "ఎరుపేనండి," అన్నారు మెల్లగా.

"నిబంధన చదవండి."

చూడకుండానే చదవగలరు, రాసింది ఆయనే. "బాలిక ఏ వ్యక్తి పట్ల ఎరుపు స్థాయి అనుబంధము కనబరచునో, సదరు వ్యక్తి నుండి బాలికను తక్షణమే వేరుచేయవలెను."

"సదరు వ్యక్తి ఎవరు?"

"నేనేనండి."

సభ్యుడు గొంతు సవరించుకుని, ఇంకో అధికారిని వేద్దామన్నాడు. కాత్యాయని గారు దూరదృష్టి ఉన్న మనిషి. "ఆయన మీదా ఎరుపు వస్తే? ఆపైన ఇంకొకరా? ఇలా అయితే ఏడాది తిరిగేసరికి ఈ జిల్లాలో ఒక్క అధికారీ మిగలడు. నివారణే మార్గం," అని అక్కడికక్కడే ఉత్తర్వు చెప్పారు. బాలిక అత్యుత్తమ శ్రేయస్సు దృష్ట్యా ఇకమీదట ఏ అధికారీ విధి నిర్వహణ నిమిత్తం ఆ ఇంటి గుమ్మం తొక్కరాదు. బాలిక, తన పట్ల ఎట్టి అనుబంధమూ లేదని పరీక్షాపూర్వకంగా రుజువు చేసుకున్న సంరక్షకురాలు అప్పలనరసమ్మ వద్దనే, మేజరయ్యేవరకు నిరాటంకంగా కొనసాగాలి.

అందులో ఒక్క 'కొనసాగాలి' తప్ప అప్పలనరసమ్మకి ఏదీ తలకెక్కలేదు. ఆ ఒక్కటీ చాలు. 'ఎట్టి అనుబంధమూ లేదు' అన్న ముక్క మాత్రం మెట్లు దిగుతున్నప్పుడు గుర్తొచ్చి గుచ్చుకుంది.

బస్సు కోసం రోడ్డువారన నిలబడితే, అవతలివైపు పరాంకుశం గారు స్కూటరు పక్కన నిలబడి కనిపించారు. ఉత్తర్వు అమల్లోకి వచ్చేసింది కాబట్టి రోడ్డు దాటలేదు. కాస్త గొంతెత్తి, "అమ్మా, విధి నిర్వహణ నిమిత్తం అన్నారు. సెలవు రోజుల సంగతి ఉత్తర్వులో స్పష్టంగా లేదు," అన్నారు.

"ఆదివారం రెండు వాయిలు ఎక్కువేత్తాను బావూ," అంది అప్పలనరసమ్మ.

ఆయన తలూపి, హెల్మెట్ అద్దం గబుక్కున కిందికి లాక్కున్నారు. పిల్లకి మాట పూర్తిగా అర్థం కాకపోయినా ఆదివారం, వాయిలు అర్థమయ్యాయి. ఏడుపు ఆపి చెయ్యి ఊపింది.

బస్సులో కిటికీ పక్కన చోటు దొరికింది. ఊరు దాటేదాకా అప్పలనరసమ్మ అడగకూడదు, అడగకూడదు అనుకుంటూనే కూర్చుంది. చివరికి అడిగేసింది.

"ఏటే, నానెల్లిపోతంటే నీకు ఏడుపు రానేదేటి?"

"నువ్వొచ్చీత్తావు కదా," అంది పిల్ల, ఇదేం ప్రశ్న అన్నట్టు. "మావయ్యే రానన్నాడు." ఆవిడ ఒట్టి చేతులకేసి ఓసారి చూసి, "కొబ్బరుండేదీ?" అంది.

కొంగుముడిలోనూ, సంచిలోనూ కొబ్బరుండ లేదు. కంగారులో తేవడం మర్చిపోయింది. అప్పలనరసమ్మ అంతసేపూ ఆపుకున్నదంతా ఒక్కసారిగా బయటికొచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, బస్సులో జనం తిరిగి చూస్తున్నా ఆగకుండా ఏడ్చింది. నూకరత్నం హడలిపోయి అటూ ఇటూ చూసింది. ఆఫీసువాళ్ళు ఎవరూ లేరు. అయినా ఎందుకైనా మంచిదని, ఆ కొంగు చివరే పట్టుకుని గబగబా ఆవిడ కళ్ళు తుడిచేసి, చెవి దగ్గరికొచ్చి గుసగుసగా అంది.

"ఏడవకమ్మా, ఎరుపైపోతాది."